200 యూనిట్ల గీత దాటని ఇల్లు: నల్లగొండ, పాలమూరు ఎండల్లో కట్టుకునేవారి కోసం

ఇల్లు కడుతున్నామనగానే మన దగ్గర మొదట వినపడే మాట "ఎస్‌ఎఫ్‌టీకి ఎంత పడుతోంది?" అనేదే. మేస్త్రి ఒక రేటు చెబుతాడు, పక్క వీధిలో కట్టినాయన ఇంకో రేటు చెబుతాడు, రెండింటి మధ్య ఎక్కడో బేరం తెగుతుంది. ఆ ఇంట్లో 30 ఏళ్లపాటు కరెంటుకు ఎంత కట్టాల్సి వస్తుంది, మే నెలలో రాత్రి పూట పిల్లలు నిద్రపోగలరా అనే సంగతి ఆ బేరంలోకి రాదు. కానీ అవి కూడా అప్పుడే తేలిపోతాయి. స్లాబ్ మీద ఏం వేస్తాం, పడమటి గోడ దేనితో కడతాం, కిటికీ ఎటు పెడతాం అన్నవి ఒకసారి అయిపోయాక మళ్లీ మార్చాలంటే పగలగొట్టాల్సిందే.

కరెంటు ఆదా చేసే ఇల్లంటే చాలామందికి డాబా మీద సోలార్ ప్యానెళ్లే గుర్తొస్తాయి. నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు కట్టుకునేవారికి నేను చెప్పే వరుస వేరు. ముందు ఎండ ఇంట్లోకి దిగకుండా ఆపాలి. తర్వాత గాలి ఆడనివ్వాలి. ఆ తర్వాత ఫ్యాన్లు, ఏసీ సంగతి చూసుకోవాలి. సోలార్ చివరన వస్తుంది, అదీ అందరికీ అవసరం లేదు. ఎందుకో తెలియాలంటే కరెంటు బిల్లు దగ్గర మొదలుపెట్టాలి.

బిల్లులో 200 దగ్గర ఏం జరుగుతుంది

ఈ జిల్లాలకు కరెంటు ఇచ్చేది దక్షిణ తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థ. 2022-23 నుంచి అమల్లో ఉన్న రేట్ల ప్రకారం, నెల వాడకం 100 దాటి 200 యూనిట్ల లోపు ఉంటే మొదటి 100 యూనిట్లకు 3.40 రూపాయల చొప్పున, తర్వాతి 100కు 4.80 చొప్పున పడుతుంది. అంటే 200 యూనిట్లు కాలిస్తే ఎనర్జీ ఛార్జీ 820 రూపాయలు. 201 అయితే రేట్ల శ్లాబే మారిపోతుంది. మొదటి 200 యూనిట్లకూ 5.10, అక్కడి నుంచి 300 దాకా 7.70, 400 దాకా 9 రూపాయలు. ఆ ఒక్క యూనిట్‌తో ఛార్జీ 1,027 రూపాయలు దాటుతుంది.

తెల్ల రేషన్ కార్డు ఉండి గృహజ్యోతి వర్తించే ఇంటికి ఈ తేడా ఇంకా పెద్దది. 2024 మార్చి నుంచి ఆ ఇళ్లకు నెలకు 200 యూనిట్ల దాకా బిల్లు సున్నా. గీత దాటిన నెల మాత్రం మొత్తం యూనిట్లకూ కట్టాలి. ఏడాదిలో పది నెలలు సున్నా బిల్లు వచ్చిన ఇంటికి ఏప్రిల్, మే నెలల్లో 1,500 బిల్లు ఎందుకు వస్తుందో ఇప్పుడు అర్థమవుతుంది. ఆ రెండు నెలలూ స్లాబ్ కాలుతుంది, ఫ్యాన్లు పగలూ రాత్రీ తిరుగుతాయి, కూలరో ఏసీయో తోడవుతుంది.

ఒక ఇంటి లెక్క చూద్దాం. వేసవిలో నెలకు 260 యూనిట్లు కాలుతున్నాయనుకుందాం. ఛార్జీ 1,482 రూపాయలు. ఆ ఇంట్లో 75 వాట్ల పాత ఫ్యాన్లు 4 ఉన్నాయి, ఒక్కోటి రోజుకు 12 గంటలు తిరుగుతుంది. వాటి బదులు 30 వాట్ల బీఎల్‌డీసీ (తక్కువ కరెంటుతో తిరిగే మోటారు) ఫ్యాన్లు పెడితే ఒక్కో ఫ్యానుకు నెలకు 16 యూనిట్లు, నాలుగింటికి 65 యూనిట్ల దాకా మిగులుతాయి. 260 కాస్తా 195 అవుతుంది. గృహజ్యోతి ఉన్న ఇంటికి 1,482 పోయి సున్నా వస్తుంది. మామూలు ఫ్యానుకన్నా వెయ్యి, పదిహేను వందలు ఎక్కువ పెట్టినందుకు వచ్చే ఫలితం ఇది. కొత్త ఇంటికి ఫ్యాన్లు ఎలాగూ కొత్తవే కొంటారు కాబట్టి ఇందులో ఆలోచించాల్సిందేమీ లేదు.

కింద మనం ఉండి, పైన గానీ పక్కన గానీ అద్దెకు ఇచ్చే ఆలోచన ఉంటే వైరింగ్ నాడే ఆ పోర్షన్‌కు వేరే మీటరు, వేరే లైను పెట్టించుకోవాలి. శ్లాబ్ లెక్క మీటరును బట్టి ఉంటుంది. రెండు కుటుంబాల వాడకం ఒకే మీటరు మీద పడితే ఇద్దరూ గీత దాటినట్టే. అద్దెకున్నవారికీ గృహజ్యోతి వర్తిస్తుంది కనుక వాళ్లకూ ఇది మేలే.

వేడి ఎక్కువగా దిగేది పైనుంచే

నల్లగొండ 17 డిగ్రీల అక్షాంశం మీద ఉంది, మహబూబ్‌నగర్ దానికి కొంచెం దక్షిణంగా. మే 8 ప్రాంతంలో సూర్యుడు మన నడినెత్తికి వస్తాడు, మళ్లీ ఆగస్టు 5 ప్రాంతంలో. అంటే ఎండలు మండే రోజుల్లో మధ్యాహ్నం ఎండ నేరుగా పడేది డాబా మీదే. గోడల మీద అప్పుడు ఏటవాలుగా పడుతుంది. అయినా మనం గోడల రంగులకూ ఎలివేషన్‌కూ పెట్టే ఖర్చులో నాలుగో వంతు కూడా డాబా మీద పెట్టం.

మే నెలలో రాత్రి 9 గంటలకు స్టూలు ఎక్కి సీలింగ్‌కు అరచెయ్యి ఆనిస్తే వెచ్చగా తగులుతుంది. పగలంతా పీల్చుకున్న వేడిని కాంక్రీటు అప్పుడు గదిలోకి వదులుతుంటుంది. ఫ్యాను ఆ వేడి గాలినే కిందికి తోస్తుంది. 5 అంగుళాల ఉత్త స్లాబ్, పైనా కిందా ఒక డిగ్రీ తేడాకు చదరపు మీటరుకు దాదాపు 4 వాట్ల వేడిని దింపుతుంది. 1,000 చదరపు అడుగుల డాబా గదికన్నా 20 డిగ్రీలు ఎక్కువ కాలిందంటే, లెక్క ప్రకారం 7,000 వాట్లకు పైగా. ఒకటిన్నర టన్ను ఏసీ తీసివేయగలిగిన వేడి 5,200 వాట్ల చిల్లర. ఏసీ పెట్టినా చల్లబడటం లేదని కంప్లెయింట్ చేసే ఇళ్లలో చాలా వరకు తప్పు ఏసీది కాదు.

ఇళ్ల కోసం కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థ 2018లో తెచ్చిన ఈకో నివాస్ సంహిత ఈ 4 వాట్లను 1.2కు మించనివ్వొద్దంటుంది. అది 500 చదరపు మీటర్లు, ఆపై ప్లాట్లను దృష్టిలో పెట్టుకుని రాసింది కాబట్టి 200 గజాల ఇంటిని ఎవరూ అడగరు. అయినా ఆ అంకెను మనం వాడుకోవచ్చు. స్లాబ్ మీద వాటర్‌ప్రూఫింగ్ చేసి, 50 మిల్లీమీటర్ల ఎక్స్‌పీఎస్ (వేడిని ఆపే గట్టి ఫోమ్) షీట్లు పరిచి, వాటి మీద కాంక్రీటు పొర, ఆపైన తెల్ల టైల్స్ వేస్తే 4 వాట్లు అర వాటు దగ్గరికి దిగుతాయి. 25 మిల్లీమీటర్ల షీటు వేసినా ఒక వాటు లోపే ఉంటుంది. బడ్జెట్ గట్టిగా లేకపోతే 25తో ఆగండి, కానీ ఆ పొరను మాత్రం ఎస్టిమేట్‌లోంచి కొట్టేయకండి. షీట్ల జాయింట్లకు టేపు వేశారా, నీళ్లు పోయే వాలు సరిగ్గా ఉందా అన్నది దగ్గరుండి చూసుకోవాలి.

పాలమూరు పల్లెల్లో ఇంకా మిగిలి ఉన్న మట్టి మిద్దెల్లో చేసిందీ ఇదే పని. కప్పు మీద మందంగా పరిచిన మట్టి పగటి ఎండను లోపలికి తొందరగా దిగనివ్వదు. మట్టిని తీసేసి కాంక్రీటు తెచ్చుకున్నాం, మట్టి చేసిన పనిని మాత్రం దేనికీ అప్పగించలేదు.

"పై అంతస్తు ఐదేళ్లలో వేస్తాం కదా, డాబా మీద ఇంత ఖర్చెందుకు" అనేది సమంజసమైన ప్రశ్నే. అలాంటివారికి తెల్లటి కూల్ రూఫ్ పెయింట్ సరైన దారి. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది. 600 గజాలు, ఆపై ప్లాట్ల ఇళ్లకు అది తప్పనిసరి, అంతకన్నా చిన్న ఇళ్లకు మన ఇష్టం. పెయింట్ ఎండను తిప్పికొడుతుంది, అయితే దుమ్ము పడితే దాని పని తగ్గుతుంది. ఏటా ఫిబ్రవరి, మార్చిలో డాబా కడుక్కోవాలి, కొన్నేళ్లకోసారి మళ్లీ వేయించుకోవాలి. దాని మీద వడియాలు, మిరపకాయలు ఆరబోసి నడిచే ఇళ్లలో ఇంకా తొందరగా అరుగుతుంది. ఇక పై అంతస్తు వేసే ఆలోచనే లేనివారు పెయింట్‌తో సరిపెట్టుకోవడం నాకు నచ్చదు.

ఇందిరమ్మ ఇల్లు కట్టుకునేవారికీ డాబా సంగతే ముఖ్యం. ప్రభుత్వం ఇచ్చే 5 లక్షలు బేస్‌మెంట్, గోడలు, స్లాబ్, పూర్తయ్యాక అని దశలవారీగా వస్తాయి. ఇల్లు 400 నుంచి 600 చదరపు అడుగుల మధ్య ఉండాలి. అంత చిన్న ఇంట్లో నీడకు వేరే గది ఉండదు, స్లాబ్ కిందే పగలూ రాత్రీ. ఎక్స్‌పీఎస్‌కు డబ్బు మిగలకపోవచ్చు. డాబాకు ఏటా సున్నం కొట్టించడం, పడమటి పక్క ఒక వేప మొక్క నాటడం మాత్రం ఎవరైనా చేయగలరు.

పడమటి గోడ, రెక్కల కిటికీ

గోడల్లో అన్నిటికన్నా బాధ పెట్టేది పడమటిది. మధ్యాహ్నం 2 తర్వాత ఎండ కిందికి వాలి గోడకు ఎదురుగా నిలబడుతుంది, సజ్జ ఎంత పెద్దదైనా ఆపలేదు. దక్షిణం వైపు అలా కాదు. మండు వేసవిలో అటు ఎండ దాదాపు రాదు, చలికాలంలో వచ్చినా 2 అడుగుల సజ్జ కింద రెండు అడుగులకు పైగా నీడ పడుతుంది. అందుకని బెడ్‌రూమ్ పడమట వస్తే కిటికీ చిన్నది పెట్టుకోవడం, లేదంటే మెట్లు, బాత్రూమ్, స్టోరు ఆ పక్కకు జరిపి ఎండ దెబ్బ వాటి మీద పడనివ్వడం మంచిది. దక్షిణ, పడమరలు బరువుగా, కిటికీలు తక్కువగా ఉండాలని వాస్తు చెప్పేవాళ్లంటారు. ఈ విషయంలో వాళ్ల మాట, ఎండ లెక్క ఒకచోటే కలుస్తాయి కాబట్టి ఇంట్లో పెద్దవాళ్లతో పేచీ ఉండదు.

గోడ దేనితో కట్టాలన్నది ఇంకో చర్చ. ఈ మధ్య ఖర్చు తగ్గుతుందని బయటి గోడలు కూడా 4 అంగుళాల సిమెంట్ ఇటుకతో లేపేస్తున్నారు. అది వేడిని ఆపే విషయంలో అన్నిటికన్నా బలహీనం. స్లాబ్‌కు చెప్పిన లెక్కలోనే చూస్తే సిమెంట్ ఇటుక గోడకు మూడున్నర వాట్ల దాకా, 9 అంగుళాల ఎర్ర ఇటుకకు 2, 8 అంగుళాల ఏఏసీ బ్లాకుకు (లోపల గాలి బుడగలుండే తేలిక కాంక్రీటు) 0.7 చుట్టుపక్కల వస్తుంది. ఏఏసీ బరువు కూడా ఇటుకలో మూడో వంతే ఉంటుంది. కానీ దాన్ని ఇటుక మాదిరిగా అంగుళం సిమెంట్ మాలుతో పేర్చి, పైపు పెట్టి నీళ్లు తడిపితే పగుళ్లు వస్తాయి. 3 మిల్లీమీటర్ల జాయింట్‌కు దాని గమ్ముతోనే పేర్చాలి, పిల్లరూ గోడా కలిసేచోట ప్లాస్టరింగ్‌కు ముందు మెష్ కొట్టాలి. ఊళ్లో ఆ పని తెలిసిన మేస్త్రి దొరక్కపోతే 9 అంగుళాల ఎర్ర ఇటుకే నయం. తెలియని చేతుల్లో మంచి మెటీరియల్ పెట్టి ఉపయోగం లేదు.

కిటికీల దగ్గర ఒక చిన్న లెక్క చాలామంది చూసుకోరు. మన లాంటి వాతావరణానికి గది నేల విస్తీర్ణంలో కనీసం 12.5 శాతం తెరుచుకునే కిటికీ, తలుపు ఉండాలని ఈకో నివాస్ సంహిత చెబుతుంది. 120 చదరపు అడుగుల గదికి 15 చదరపు అడుగులు. 4 బై 4 అడుగుల యూపీవీసీ స్లైడింగ్ కిటికీ పెట్టి 16 వచ్చాయనుకుంటాం. రెండు పలకల స్లైడింగ్ సగమే తెరుచుకుంటుంది, కాబట్టి గాలికి దొరికేది 8. పాత పద్ధతిలో రెక్కల కిటికీ అయితే 16కు 16 తెరుచుకుంటుంది. లోపల దోమల మెష్ వేరే ఫ్రేముకు పెట్టించుకోవచ్చు. మన ఎండ పొడి ఎండ కాబట్టి ఏప్రిల్, మే నెలల్లో కూలర్ బాగా పనిచేస్తుంది, కానీ కూలర్ ఉన్న గదిలో ఎదురు వైపు కిటికీ తెరిచి ఉంటేనే. లేకపోతే గంటలో ఉక్కపోత మొదలవుతుంది.

పర్మిషన్, సెట్‌బ్యాక్

పర్మిషన్ అనగానే టెన్షన్ పడాల్సిన రోజులు కావివి. మున్సిపాలిటీల్లో 2020 చట్టంతో వచ్చిన టీఎస్-బీపాస్, ఇప్పటి టీజీ-బీపాస్ పద్ధతిలో 75 గజాల లోపు ప్లాటులో 7 మీటర్ల ఎత్తు దాకా రిజిస్ట్రేషన్ చేసుకుంటే చాలు. 500 చదరపు మీటర్ల లోపు ప్లాటు, 10 మీటర్ల ఎత్తు దాకా సొంత ధ్రువీకరణతో వెంటనే అనుమతి వస్తుంది. అంతకు మించితే 21 రోజుల్లో తేల్చాలి. 2025లో బిల్డ్‌నౌ పేరుతో కొత్త ఆన్‌లైన్ వ్యవస్థ మొదలైంది, కాబట్టి దరఖాస్తు ఏ పోర్టల్‌లో పెట్టాలో మీ మున్సిపాలిటీలో కనుక్కోండి. గ్రామాల్లో చిన్న ఇళ్లకు పంచాయతీయే అనుమతి ఇస్తుంది.

సొంత ధ్రువీకరణ అంటే బాధ్యత మొత్తం మనదే అని అర్థం. ప్లాన్‌కు విరుద్ధంగా కడితే నోటీసు కూడా ఇవ్వకుండా కూల్చే అధికారం ఆ చట్టంలోనే ఉంది. అందుకని ముగ్గు పోయకముందే రెండు విషయాలు తేల్చుకోవాలి. ఒకటి, ప్లాటు ఏ వెంచర్‌లోది. అనుమతి లేని లేఅవుట్ అయితే ఎల్‌ఆర్‌ఎస్ (లేఅవుట్ క్రమబద్ధీకరణ) రుసుము, ప్లాటు విలువలో 14 శాతం ఓపెన్ స్పేస్ ఛార్జి పడతాయి. ఈ ఖర్చు ఎస్టిమేట్‌లో లేకపోతే తర్వాత స్లాబ్ డబ్బులోంచే తీయాల్సి వస్తుంది. రెండు, దగ్గర్లో చెరువు ఉందా. మన జిల్లాల్లో చెరువు లేని ఊరు అరుదు. 10 హెక్టార్లు, అంతకన్నా పెద్ద చెరువుకు ఎఫ్‌టీఎల్ (చెరువు నిండితే నీళ్లు వచ్చే మట్టం) హద్దు నుంచి 30 మీటర్లు, చిన్న కుంటకు 9 మీటర్లు వదలాలి. ఎండాకాలంలో ప్లాటు చూసి కొంటే నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో కనపడదు. ఇరిగేషన్ వారి మ్యాపు అడిగి చూడాలి.

సెట్‌బ్యాక్, అంటే ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ, అనగానే స్థలం పోయినట్టు బాధపడతారు. 30 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవున్న 200 గజాల ప్లాటు తీసుకోండి. 12 మీటర్ల లోపు రోడ్డు ఉంటే 2012 నాటి భవన నిబంధనల ప్రకారం ముందు మీటరున్నర, మిగతా మూడు వైపులా మీటరు చొప్పున వదలాలి. కట్టుకోవడానికి ఒక అంతస్తులో ఇంకా 1,200 చదరపు అడుగులు మిగులుతాయి. ఆ మీటరు సందు మీదే పైన చెప్పిన రెక్కల కిటికీలన్నీ ఆధారపడి ఉంటాయి. హద్దు దాకా గోడ లేపినవారి కిటికీకి పక్కాయన ఇల్లు కట్టిన రోజున గోడే ఎదురవుతుంది. ఇద్దరూ మీటరు చొప్పున వదిలితే రెండు ఇళ్ల మధ్య రెండు మీటర్ల గాలి, నీడ ఇద్దరివీ అవుతాయి. నిబంధనల్లో ఇంటికి ఇంతగా పనికొచ్చేది నాకు ఇంకొకటి కనపడలేదు.

ఇంకుడు గుంత కూడా నిబంధనే. ఫ్లోరైడ్ బాధ తెలిసిన నల్లగొండలో దాని గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. 100 చదరపు మీటర్ల డాబా మీద 600 మిల్లీమీటర్ల వాన పడితే 60 వేల లీటర్లు. పైపు పెట్టి గుంతలోకి వదిలితే చాలు.

డబ్బు ఎక్కడ ఆపాలి

1,200 చదరపు అడుగుల స్లాబ్ ఇంటికి చదరపు అడుగుకు 0.4 బస్తా చొప్పున 480 బస్తాల సిమెంట్, మూడున్నర నుంచి 4 కిలోల చొప్పున 4 టన్నుల పైచిలుకు స్టీలు పడుతుందన్నది అందరూ వాడే మోటు లెక్క. నల్లరేగడి నేల అయితే పునాదికి ఇంకా పెరుగుతుంది, అందుకని మట్టి పరీక్ష ముందే చేయించాలి. 2025 సెప్టెంబర్ 22 నుంచి సిమెంట్ మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. అంతకు ముందు వేసిన ఎస్టిమేట్ చేతిలో ఉంటే కాంట్రాక్టర్‌తో మళ్లీ లెక్క చూసుకోండి.

మేస్త్రితో రాసుకునే కాగితంలో "డాబా పని" అని ఒక్క మాటతో వదిలేయకుండా ఏ షీటు, ఎంత మందం, ఎన్ని చదరపు అడుగులు అని విడిగా రాయించాలి. డబ్బు దశలవారీగా ఇవ్వాలి, డాబా మీద పొర పూర్తయ్యాకే ఆ దశ డబ్బు చేతికి అందాలి. బ్యాంకు లోన్ కూడా పని జరిగినకొద్దీ విడతలుగానే వస్తుంది కాబట్టి ఇది అటూ ఇటూ సరిపోతుంది. చివర్లో డబ్బు కటకట వచ్చినప్పుడు అందరూ మొదట కోసేది కనపడని డాబా పనినే. ఫాల్స్ సీలింగ్, ఎలివేషన్ లైట్లు, హాల్లో ఖరీదైన టైల్స్ రెండేళ్ల తర్వాత చేయించుకున్నా ఏమీ కాదు. తాండూరు బండలు పరుచుకుని చల్లగా ఉన్న ఇళ్లు మన దగ్గర ఎన్ని లేవు?

సోలార్ ఎవరికి లాభం

పీఎం సూర్యఘర్ పథకం 2024 ఫిబ్రవరిలో మొదలైంది. 2 కిలోవాట్ల దాకా కిలోవాటుకు 30 వేల చొప్పున, 3 కిలోవాట్లు, ఆపైన మొత్తం 78 వేలు సబ్సిడీ. దేశంలోనే తయారైన సెల్స్ ఉన్న ప్యానెళ్లకే అది వర్తిస్తుంది. ఒక కిలోవాటుకు డాబా మీద సుమారు 100 చదరపు అడుగులు కావాలి, రోజుకు 4 యూనిట్ల దాకా వస్తుంది. 3 కిలోవాట్లకు నెలకు 350 యూనిట్ల పైన. ధర సుమారు 2 లక్షలు అనుకుంటే సబ్సిడీ పోగా 1.2 లక్షల పైన చేతినుంచి పడుతుంది.

ఏడాది పొడుగునా నెలకు 350 యూనిట్లు కాల్చే ఇంటికి ఛార్జీ 2,240 రూపాయలు. ఐదేళ్లు తిరిగేసరికి పెట్టిన డబ్బు వచ్చేస్తుంది. ఇద్దరు ఉద్యోగాలు చేసే, రెండు ఏసీలు ఉన్న ఇంటికి నేను నిస్సందేహంగా పెట్టించుకోమంటాను. గృహజ్యోతి కింద 180 యూనిట్లతో సున్నా బిల్లు వచ్చే ఇంటికి మాత్రం ఆ లక్షా ఇరవై వేలు తిరిగొచ్చే దారి లేదు. అదే డబ్బులో కొంత డాబా పొరకూ, ఫ్యాన్లకూ పెడితే వేసవిలో కూడా సున్నా బిల్లు నిలబడుతుంది, ఇల్లూ చల్లబడుతుంది. గృహజ్యోతి లేకుండా 200 లోపు వాడేవారు మధ్యలో ఉంటారు. వాళ్లకు ఎనర్జీ ఛార్జీ 820 మించదు కాబట్టి తొందర లేదు, ఏసీ కొనే రోజున ఆలోచించుకోవచ్చు.

అయితే ఇప్పుడు పెట్టినా తర్వాత పెట్టినా దానికి తోవ ఇల్లు కట్టేటప్పుడే వదలాలి. డాబా నుంచి మీటరు బోర్డు దాకా గోడలో ఒక ఖాళీ పైపు, ఎర్తింగ్‌కు చోటు. ప్యానెళ్లు దక్షిణం వైపు చూడాలి, వాటి మీద నీడ పడకూడదు. ఇక్కడే వాటర్ ట్యాంకుతో చిక్కు వస్తుంది. వాస్తు ప్రకారం ట్యాంకు నైరుతి మూలన, ఎత్తు దిమ్మె మీద పెట్టిస్తారు. చలికాలం సాయంత్రాలు దాని నీడ ఈశాన్యం వైపు సాగి ప్యానెళ్ల మీద పడుతుంది. ట్యాంకును మార్చడానికి ఇంట్లో ఒప్పుకోకపోతే ప్యానెళ్లను దక్షిణపు పిట్టగోడ వెంట తూర్పు వైపుకు జరపొచ్చు, లేదా ఎత్తు స్టాండు మీద లేపొచ్చు. స్టాండు ఎత్తుగా ఉంటే కింద డాబాకు నీడ కూడా దొరుకుతుంది. ఈ రెండింటిలో ఏది చేస్తారో స్లాబ్ సెంట్రింగ్ నాటికే ప్లాన్ మీద గీయించి, స్టాండు కాళ్లకు దిమ్మెలు ఎక్కడ రావాలో మేస్త్రికి చూపించండి. వాటర్‌ప్రూఫింగ్ అయ్యాక డాబాకు బోల్టులు కొట్టనివ్వొద్దు.